ఈ వారం సమస్య: భారమెత్తినంత బాగుపడెను

నిర్వాహకులు:
మిత్రులారా, మొన్న రిపేరు షాపులో ఒక పవర్ సప్లై చూశాను. ఖాళీగా ఉంటే వోల్టేజీ తప్పు చూపిస్తోంది, పని చెప్పగానే, అంటే లోడు (కరెంటు లాగే భారం) తగిలించగానే, సరిగ్గా నిలుస్తోంది. మీ పద్యాలకు చివరి పాదం కావాల్సిన ఈ మాట అక్కడే పుట్టింది. విడిచిపెట్టబుద్ధి కాలేదు.

సమస్య: *భారమెత్తినంత బాగుపడెను*

పురాణాలు వద్దనను గానీ, మీటరు పట్టుకున్న వాళ్ల పూరణలంటే నాకు ముచ్చట.

ఆంజనేయదాసు:

మూర్ఛపోయినట్టి ముద్దుతమ్ముని గని
రాముడడల గిరిని రయముతోడ
పెల్లగించి తెచ్చె పేర్మితో హనుమయ్య
భారమెత్తినంత బాగుపడెను

కాకినాడ కవి:
దాసుగారూ, ధార బాగుంది. "రాముడడల" అన్నచోట గుండె పట్టేసింది. కానీ మూడో పాదంలో "తెచ్చె" అని పని ముగించేశారు. కొండ లంకకు వచ్చేశాక మళ్లీ "ఎత్తినంత" అంటే కథ వెనక్కి నడిచింది. పైగా ఎత్తింది హనుమ, బాగుపడింది లక్ష్మణుడు. ఎత్తినవాడే బాగుపడితేనే ఈ సమస్యకు కీలకం దొరికినట్టు.

కోఠి మెకానిక్:
కవిగారి మాట నిజం. ఎత్తినదే బాగుపడాలి. అలాంటి కేసు నా బెంచి మీదే ఉంది:

ఐదు వోల్టులడుగ ఆరున్నరను చూపె
లోడు లేమి దాని లోపమయ్యె
చివర చిన్న బల్బు చేర్చగా నేమందు
భారమెత్తినంత బాగుపడెను

ఇది ఎల్‌ఎం317 తో, అంటే వోల్టేజీని ఒకచోట నిలిపే రెగ్యులేటరు ఐసీతో, కట్టిన సప్లై. అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్ పిన్నుకీ మధ్య 240 ఓముల రెసిస్టరు ఉండాల్సిన చోట ఎవరో 2.2 కిలో ఓములు వేశారు. ఆ రెండు పిన్నుల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులే ఉంటాయి కాబట్టి 240 అయితే 5 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. 2.2 కిలో అయితే అర మిల్లీ కాస్త దాటుతుందంతే. ఆ ఐసీకి తన అదుపులో తాను ఉండాలంటే మామూలుగా 3.5 మిల్లీ ఆంపియర్ల లోడు కావాలి, కొన్నిటికి 10 దాకా కావాలి. అది అందకపోతే అవుట్‌పుట్ పైకి తేలిపోతుంది. టార్చిలైటు బల్బు తగిలించగానే ఐదు దగ్గర కూర్చుంది.

కాకినాడ కవి:
మెకానిక్ గారూ, మూడో పాదం అద్భుతం. "చేర్చగా నేమందు" దగ్గర చదువరిని ఒక్క క్షణం ఆపి సమస్యలోకి తోశారు. అయితే "అడుగ ఆరున్నరను" అని సంధి చేయకుండా విడిగా నిలబెట్టడం విసంధి దోషం. "అడుగ నారున్నరను" అనండి, పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన యతి "నా" లోపలి అచ్చుకే చెల్లుతుంది. ఇంకో సంతోషం: సంక్రాంతి సమస్యలో మీరు ఐదుకు ఎనిమిదితో యతి కుదిర్చారు, నేను కాదంటే మూడు రోజులు మాట్లాడలేదు. ఈసారి ఐకారానికి చెల్లే ఆకారమే వేశారు.

కోఠి మెకానిక్:
"అడుగ నారున్నరను" తీసుకుంటున్నాను. సంక్రాంతి సంగతి ఆ చర్చలోనే తేలిపోయింది, మళ్లీ ఎందుకు తవ్వడం? మీ పూరణ పెట్టండి, చూద్దాం.

కాకినాడ కవి:
ఇదిగో. మా ఇంట్లో పాత రేడియో అడాప్టరు, పైన 12 వోల్టులని రాసి ఉంది:

ఉత్త చేతులప్పు డుబ్బెను పదునేడు
పనికి నిలుప దాను పదియు రెండె
సోమరైన పెట్టె చోద్యమ్ము గంటిరా
భారమెత్తినంత బాగుపడెను

వైజాగు వాణి:
"ఉత్త చేతులప్పు డుబ్బెను" ఎంత బాగుందో! పనిలేనివాడి గొప్పలు కళ్లకు కట్టాయి.

కోఠి మెకానిక్:
పద్యం నడక మీద నాకు పేచీ లేదు, నాకంటే నున్నగా ఉంది. పేచీ "బాగుపడెను" మీద. ఆ అడాప్టరుకు జబ్బే లేదు కదా! అది రెగ్యులేటరు లేని ట్రాన్స్‌ఫార్మరు రకం. 12 వోల్టుల ఏసీకి శిఖరం 1.414 రెట్లు, అంటే 17. ఏసీని డీసీ చేసే డయోడ్లు కొంత తింటాయి, కానీ ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరు 12 కంటే ఎక్కువే ఇస్తుంది కాబట్టి లెక్క అక్కడికే వస్తుంది. కెపాసిటరు ఆ శిఖరం దాకా నిండి కూర్చుంటుంది. పూర్తి లోడు మీద పన్నెండుకు దిగడం దాని స్వభావం. రోగం లేని చోట నయం కావడం ఏమిటి?

అసలు జబ్బు ఎలా ఉంటుందంటే, కెపాసిటరు ఎండిపోయినప్పుడు ఖాళీగా 17 చూపిస్తూనే లోడు పడగానే 8కో 9కో జారుతుంది, రేడియోలో 100 హెర్ట్జ్ గుర్రు వినిపిస్తుంది. అప్పుడు పాదం "భారమెత్తినంత పాడుపడెను" కావాలి. యతి కూడా చెడదు.

కాకినాడ కవి:
సమస్యలో రోగం అన్న మాట ఎక్కడుంది? తప్పుగా ఉన్నది ఒప్పుగా మారింది, చాలు. మీకు మీటరు శాస్త్రం, నాకు పద్య ధర్మం.

వైజాగు వాణి:
ఇద్దరూ కాస్త నిదానించండి. నాదీ ఒకటి, పాత కంప్యూటరు సప్లై మీద:

పాత పీసి పెట్టె పన్నెండు చూపదు
పచ్చతీగె నేల బట్టియున్న
హార్డ్ డిస్కు నొకటి హత్తించి చూడగా
భారమెత్తినంత బాగుపడెను

కాకినాడ కవి:
అమ్మా, "నేల బట్టి" అన్నది ఈ వారం మొత్తానికి మేలిమి. సప్లై ఆన్ కావడానికి పచ్చతీగెను గ్రౌండు చేయడమూ అయింది, నేల పట్టి పడుకోవడమూ అయింది. "హార్డ్" పొల్లుతో రాస్తే మాత్రం గురువొక్కటే మిగిలి మొదటి గణం నడుం విరిగింది. "హార్డు" అంటే నిలబడుతుంది.

కోఠి మెకానిక్:
విషయమూ నిక్కం. ఆ రకం పాత పెట్టెల్లో ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ ఎంతుందో చూసి సరిదిద్దుకునే సంకేతం) ఎక్కువగా 5 వోల్టుల వైపు నుంచే తీసుకుంటారు. 5 మీద లోడు లేకపోతే స్విచ్చింగు పల్సులు సన్నబడిపోతాయి, దాంతో 12 కిందికి కుంగుతుంది. హార్డు డిస్కు బోర్డు 5 తీసుకోగానే ఆ పల్సులు మళ్లీ వెడల్పవుతాయి, 12 లేస్తుంది. కొన్ని పెట్టెలైతే లోడు లేకుండా అసలు నిలబడవు.

వైజాగు వాణి:
ధన్యవాదాలు, "హార్డు" అని మార్చాను. కవిగారూ, మెకానిక్ గారి అభ్యంతరం నాకు సబబుగానే తోచింది. మీ మూడో పాదం మాత్రం మారిస్తే సరిపోతుందేమో:

*రోగమనుచు మేము రొదసేయుచుండగా*

జబ్బు అడాప్టరుది కాకుండా మన అనుమానానిది అవుతుంది.

నిర్వాహకులు:
వాణిగారి సవరణతో కాకినాడ వారి పద్యానికి శాస్త్రమూ కుదిరింది. అయినా ఈ వారం నా ఓటు బల్బు పద్యానికే, "నారున్నరను" సవరణతో. ఎత్తినదీ ఆ సప్లైయే, చెడినదీ అదే, బాగుపడినదీ అదే.

కాకినాడ కవి:
నిర్ణయం న్యాయంగా ఉంది. వాణిగారి పాదం ఉంచుకుంటాను, "సోమరైన పెట్టె"ను ఇంకో సమస్యకు దాచుకుంటాను. మెకానిక్ గారూ, ఆ 2.2 కిలో ఓములు తీసి 240 వేశారా, బల్బుతోనే ఇచ్చేశారా?

కోఠి మెకానిక్:
120 వేశాను కవిగారూ, అడ్జస్టు రెసిస్టరు కూడా దానికి తగ్గట్టు మార్చాను. 10 మిల్లీ ఆంపియర్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, ఇక ఖాళీగా ఉన్నా ఐదే చూపిస్తుంది.