బేస్‌కి సింథ్ పెడల్ ఉంటే ఇక కీబోర్డ్ ప్లేయర్ అక్కర్లేదా?

ఐదుతీగలు:
అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో మారతహళ్లి వైపు బ్యాండ్. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్‌లో జామ్ రూమ్ అద్దెకు తీసుకుని వాయిస్తుంటాం. మా కీబోర్డ్ అబ్బాయికి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది, ఇప్పుడు నలుగురం మిగిలాం: నేను బేస్, ఒక లీడ్ గిటార్, డ్రమ్స్, పాడే అమ్మాయి. ఉగాదికి ఒక అపార్ట్‌మెంట్‌లో ప్రోగ్రాం ఒప్పుకున్నాం, తెలుగు పాటలు సగం, కన్నడ పాటలు సగం. ఈమధ్యే బాస్ కంపెనీ ఎస్‌వై-1 సింథ్ పెడల్ కొన్నాను, కాలితో నొక్కితే తీగల సౌండ్‌ని సింథసైజర్ సౌండ్‌గా మార్చే చిన్న పెట్టె. గిటార్‌కైనా బేస్‌కైనా స్విచ్ మార్చుకుంటే చాలు, 11 రకాలు, ఒక్కో రకంలో 11 వేరియేషన్లు, మొత్తం 121 సౌండ్లు, వేరే పికప్ కూడా పెట్టక్కర్లేదు. సింథ్ బేస్ ఉన్న పాటలకి నేను వాడతాను, ప్యాడ్స్ (పాట వెనక నిలకడగా సాగే సౌండ్లు) కావాల్సిన పాటలకి మా లీడ్ గిటారిస్ట్ వాడతాడు, అలా నెట్టుకురావచ్చని నా ఉద్దేశం. మా డ్రమ్మర్ మాత్రం కీబోర్డ్ లేకుండా స్టేజి ఎక్కనంటున్నాడు. వాడినవాళ్లు చెప్పండి.

జేపీనగర్_జిత్తు:
వాడేయండి బ్రో. మా బ్యాండ్‌లో కీబోర్డ్ లేక చాలా కాలమైంది, విన్నవాళ్లు ఎవరూ అడగలేదు.

కీస్_రమణ:
వద్దండి. నేను ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ వాయిస్తాను, ఇదే నా బతుకుతెరువు, అందుకని సూటిగా చెబుతున్నా. మీరు తీగ మీటగానే అది ఏ స్వరమో పెడల్‌కి తెలియదు. తీగ కనీసం ఒక్కసారి పూర్తిగా ఊగితే గానీ లెక్క తేలదు. బేస్‌లో ఇ తీగ 41 హెర్ట్జ్, అంటే ఒక్క ఊపుకి 24 మిల్లీసెకన్లు. మీ పేరు చూస్తే ఐదు తీగల బేస్ అనిపిస్తోంది, కింద బి తీగ 31 హెర్ట్జ్ లోపే, అక్కడ 32 మిల్లీసెకన్లు. ఆ తర్వాత కదా సౌండ్ పుట్టేది! కీబోర్డ్‌లో అలా కాదు, ఏ కీ నొక్కామో నొక్కిన క్షణమే దానికి తెలుసు. మొన్న పెళ్లిళ్ల సీజన్‌లో వైట్‌ఫీల్డ్ వైపు ఒక రిసెప్షన్‌లో బేసిస్ట్ ఒకతను ఇలాంటి పెడల్‌తోనే ప్యాడ్స్ పట్టుకున్నాడు. చెయ్యి జారి రెండు తీగలు ఒకేసారి మోగినప్పుడల్లా స్వరం పైకీ కిందకీ ఎగిరిపోయింది. పాడే అమ్మాయి శ్రుతి ఎక్కడ అందుకోవాలో తెలియక చరణం మధ్యలో ఆగిపోయింది. కూర్చున్నవాళ్లు ఆ అమ్మాయికే పాట రాదనుకున్నారు. ఆ అమ్మాయి ముఖం నేను చూశాను.

బేస్_బాబు:
రమణ గారూ, మీరు చెప్పే లెక్క స్వరాన్ని కనిపెట్టి ఆ తర్వాత వేరే సింథ్‌ని మోగించే సిస్టమ్‌లకి. రోలాండ్ 1977లో జీఆర్-500 తెచ్చినప్పుడు దానితో పాటు ప్రత్యేకంగా తయారుచేసిన గిటార్ కూడా ఇచ్చింది. తర్వాత ఒక్కో తీగనీ విడిగా పట్టుకునే జీకే పికప్‌లూ, 13 పిన్నుల కేబుళ్లూ వచ్చాయి. ఇదంతా నాకూ తెలుసు. కానీ పెడల్స్ అన్నీ ఒకే పద్ధతిలో పనిచేయవు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ మైక్రో సింథసైజర్ తీసుకోండి, అది ఏ స్వరమా అని వెతకనే వెతకదు. తీగ నుంచి వచ్చిన తరంగాన్నే నలుపలకలుగా చేసి స్క్వేర్ వేవ్ పుట్టిస్తుంది, దాన్ని సగం వేగానికి దించి కింది ఆక్టేవ్ (కింది స్థాయిలో అదే స్వరం) ఇస్తుంది, ఆ మొత్తాన్నీ ఒక ఫిల్టర్ (సౌండ్‌లో కొంత భాగాన్ని కోసేది) గుండా పంపుతుంది. అక్కడ మీ 24 మిల్లీసెకన్లు ఎక్కడివి?

ఇంకో సంగతి. స్టేజి మీద ఆంప్‌కి 3 మీటర్ల దూరంలో నిలబడితే ఆ సౌండ్ మన చెవికి చేరడానికే దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. దాని గురించి ఎవరైనా ఎప్పుడైనా గొడవ చేశారా? అంతగా భయమైతే ఒక ఆక్టేవ్ పైన వాయించి పెడల్‌లో కిందికి దింపుకోవచ్చు, 82 హెర్ట్జ్ దగ్గర ఒక్క ఊపుకి 12 మిల్లీసెకన్లే. నెక్ పికప్ పెట్టుకోవాలి, టోన్ తగ్గించుకోవాలి, ఒకసారికి ఒకే తీగ మోగాలి, మిగతావి ఎడమ చేత్తో మూసి ఉంచాలి. మీరు చూసిన బేసిస్ట్ ఇవేమీ చేసి ఉండడు. అతను సాధన చేయలేదని పెడల్‌ని తిడితే ఎలా?

కీస్_రమణ:
అంటే 12 మిల్లీసెకన్లు ఉందని మీరే ఒప్పుకున్నారు.

బేస్_బాబు:
ఒప్పుకోవడం కాదండీ, లెక్క చెప్పాను. 12 మిల్లీసెకన్లు ఆంప్ నుంచి నాలుగు మీటర్లు వెనక్కి జరిగినంత. దాన్ని ఆలస్యం అంటే డ్రమ్మర్ పక్కన కాకుండా ఎక్కడ నిలబడినా ఆలస్యమే.

కీస్_రమణ:
ఆంప్ దూరం వల్ల వచ్చేది అన్ని వాద్యాలకీ ఉంటుంది. దాని మీద పెడల్‌ది అదనం. రెండూ కలపకుండా మీకు అనువైనది ఒక్కటే చెబుతున్నారు.

జేపీనగర్_జిత్తు:
కంప్రెసర్ (సౌండ్ హెచ్చుతగ్గుల్ని సమం చేసే పెడల్) సింథ్ ముందు పెట్టాలా వెనక పెట్టాలా? ఎవరైనా చెప్పండి.

బేస్_బాబు:
వెనక. ఫిల్టర్ మన మీటు బలాన్ని బట్టి తెరుచుకుంటుంది కదా, ముందే కంప్రెసర్ పెడితే గట్టిగా మీటినా మెల్లగా మీటినా ఒకేలా తెరుచుకుంటుంది, సౌండ్‌లో ప్రాణం పోతుంది. పెడల్స్ గొలుసులో సింథ్ మొదట ఉండాలి, డ్రైవ్, డిలే అన్నీ తర్వాతే.

సౌండ్_సుధ:
నేను మిక్సర్ దగ్గర కూర్చునేదాన్ని, కాసేపు మిల్లీసెకన్లు పక్కన పెడదామా? అపార్ట్‌మెంట్ ప్రోగ్రాముల్లో రెండు స్పీకర్లు స్టాండ్ మీద పెడతారు, సబ్ (అట్టడుగు సౌండ్ కోసం వేరే స్పీకర్) ఉండదు. మీరు ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో వింటూ పెట్టుకున్న సింథ్ బేస్ అక్కడ సగం వినపడదు, మిగతా సగం గిర్రుమంటుంది. ఫిల్టర్ రెజొనెన్స్ ఎక్కువ పెడితే ఒక్కో స్వరం దగ్గర లెవెల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, నేను ఫేడర్ దించేసరికి పాట అయిపోతుంది. అందుకని ఐదుతీగలు గారూ, పెడల్‌కి ముందే సిగ్నల్ రెండుగా చీల్చి మామూలు బేస్ ఒక డీఐ (వాద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే డబ్బా) నుంచి, సింథ్ ఇంకో డీఐ నుంచి నాకు విడిగా ఇవ్వండి. అడుగు మామూలు బేస్‌దే ఉంచుతాను, సింథ్‌ని పైన కలుపుతాను. సింథ్ చానల్‌లో హై-పాస్ పెడతాను, ఆ స్పీకర్లు ఎలాగూ మోయలేని అట్టడుగు సౌండ్ కోసేస్తాను. ప్యాచ్‌లన్నీ (పెడల్‌లో పెట్టుకున్న సౌండ్లన్నీ) ముందే ఒకే లెవెల్‌కి తెచ్చుకోండి, పెడల్ ఆఫ్‌లో ఎంత వినపడుతుందో ఆన్‌లోనూ అంతే. ప్యాడ్స్ సంగతికొస్తే రమణ గారితోనే నేను. గిటారిస్ట్ ప్యాడ్ పట్టుకుంటే ఆ పాటలో గిటార్ ఉండదు. నలుగురిలో ఒకరిని అలా పోగొట్టుకుంటే చరణం బోసిగా వినిపిస్తుంది.

హమ్_హటావో:
ఎస్పీ రోడ్‌లో దొరికే చవక అడాప్టర్ మాత్రం పెడల్‌కి పెట్టొద్దు, హమ్ (గుయ్‌మనే శబ్దం) రావొచ్చు. 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్, చూసి కొనండి.

ఫ్రెట్‌లెస్_వేణు:
ఒక్క విషయం ఎవరూ చెప్పట్లేదు. నేను ఫ్రెట్‌లెస్ బేస్ మీద మోహనం, కల్యాణి వాయించుకుంటాను, సింథ్ పెడల్ పెట్టి కూడా. వేలు జారిస్తే సౌండ్ వేలితో పాటే జారుతుంది. గాంధారాన్ని ఎంత ఊపాలో, ఎక్కడ నిలపాలో అంతా వేలి చివరే ఉంటుంది. మామూలు కీబోర్డ్‌లో పిచ్ వీల్ తిప్పితే పట్టుకున్న స్వరాలన్నీ కట్టగట్టుకుని ఒకేసారి కదులుతాయి. కాబట్టి పెడల్‌ని కీబోర్డ్‌కి బదులు అని చూడకండి, కీబోర్డ్ ఇవ్వలేనిది ఇది ఇస్తుంది.

కీస్_రమణ:
వచ్చిందండీ, కీబోర్డ్‌కి గమకం రాదు అనే మాట! ఒకటే స్వరం పట్టుకుని ఎడమ చేత్తో వీల్ తిప్పితే అన్నీ ఎందుకు కదులుతాయి? చిన్నప్పుడు వయొలిన్ మాష్టారి దగ్గర కూర్చుని వర్ణాలు నేర్చుకుని, ఆ తర్వాత అవే గమకాలు వీల్ మీద పలికించడానికి ఎంత కష్టపడ్డానో మీకేం తెలుసు. ఒక పెడల్ కొనేసి కీబోర్డ్ ఇవ్వలేనిది ఇస్తుంది అంటున్నారు. మా పని మీకంత తేలికగా కనిపిస్తోందా?

ఫ్రెట్‌లెస్_వేణు:
అన్నా, మిమ్మల్ని అనలేదు.

బేస్_బాబు:
రమణ గారూ, మొదట ఆలస్యం అన్నారు, తర్వాత రెండు తీగలన్నారు, ఇప్పుడు గమకం. ఏది చెప్పినా మీకు కోపమే వస్తోంది. మీ బాధ పెడల్ గురించి కాదు, అదేదో చెప్పేయండి.

కీస్_రమణ:
చెబుతాను. నేను చూసిన ఆ రిసెప్షన్‌లో నేను అతిథిని కాను. ఆ ట్రూప్‌లో కీబోర్డ్ నాదే. అడ్వాన్సు తీసుకున్నాక ట్రూప్ నడిపే ఆయన ఫోన్ చేసి, ‘పెళ్లివాళ్లు బడ్జెట్ తగ్గించమంటున్నారు, మన బేస్ కుర్రాడి దగ్గర ఏదో పెడల్ ఉందట, కీబోర్డ్ సౌండ్లన్నీ అందులో వస్తాయట, ఈసారికి నువ్వు వద్దులే’ అన్నాడు. సామాను తెచ్చుకోవడానికి వెళ్లి అక్కడ నిలబడి విన్నాను. పెళ్లివాళ్లు నిజంగా తగ్గించారా, నా వాటా ఆయనే ఉంచుకున్నాడా, ఈ రోజుకీ తెలియదు. ఇంట్లో పిల్లల ఫీజు కట్టాల్సిన నెల అది. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు మంట.

బేస్_బాబు:
బాధ అర్థమైంది. కానీ నా వైపు కూడా వినండి. నేను బేస్ నేర్చుకుని ట్రూపుల చుట్టూ తిరిగినప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే, ‘మా కీబోర్డ్ ఆయన ఎడమ చేత్తో బేస్ కొట్టేస్తాడు, నీకెందుకు డబ్బులు?’ ఇది మన ఊళ్లో పుట్టినదీ కాదు. మినీమూగ్ 1970లో వచ్చిన దగ్గరనుంచీ బేస్ లైన్లు కీబోర్డ్ వైపు నడుస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్లూ మా చోటు మీరు తీసుకున్నారు, అప్పుడు ఎవరూ ఇలా చర్చ పెట్టలేదు. ఇప్పుడు ఒక బేసిస్ట్ పెడల్ మీద మీ చోటు అడిగేసరికి అన్యాయం అయిపోయిందా?

కీస్_రమణ:
ఎడమ చేత్తో బేస్ కొట్టమని నాకు చెప్పింది ఎవరు? అదే ట్రూప్ ఆయన. దానికి నాకేమైనా అదనంగా ఇచ్చాడా? ఒక్కరి డబ్బుకి ఇద్దరి పని చేశాను.

బేస్_బాబు:
కొట్టను అని అనొచ్చు కదా.

కీస్_రమణ:
అంటే ఆ రోజు ఇంకొకడిని పిలుచుకునేవాడు. మీరు ఉద్యోగం చేసుకుంటూ వాయిస్తారు, వద్దు అనగలరు. నేను అనలేను.

సౌండ్_సుధ:
ఇదీ అసలు సంగతి. ఎడమ చేయి అయినా, పెడల్ అయినా, లాప్‌టాప్‌లో ట్రాక్ అయినా, ఒక మనిషిని తీసేసిన ప్రతిసారీ మిగిలిన డబ్బు మిగతా వాద్యకారులకి చేరడం నేనైతే చూడలేదు. నాకూ అంతే, మానిటర్లకి వేరే మనిషి ఉండేవాడు, ఇప్పుడు ఆ పనీ నేనే చేస్తున్నాను, పాత రేటుకే. పెడల్ మంచిదా చెడ్డదా అని ఎంత కొట్టుకున్నా ఇది తేలదు.

ఐదుతీగలు:
ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు కూడా నిన్న ఫోన్ చేసి, ‘ఐదుగురు అన్నారు, నలుగురే వస్తున్నారట, అమౌంట్ తగ్గించండి’ అన్నారు. రమణ గారి పోస్టు చదివాక ఇవాళ తిరిగి ఫోన్ చేసి తగ్గించం అని చెప్పాను. ఐదో మనిషి వస్తారు. ప్యాడ్స్, స్ట్రింగ్స్, బ్రాస్ ఉన్న పాటలు కీబోర్డ్‌కే. సింథ్ బేస్ పాటలు మాత్రం నేనే పెడల్ మీద వాయిస్తాను, వచ్చే కీబోర్డ్ ప్లేయర్ ఎడమ చేత్తో నా బేస్ పట్టుకోకూడదు, ఇది ముందే మాట్లాడుకోవాలి. సుధ గారు చెప్పినట్టు రెండు డీఐలు పెడుతున్నాను.

బేస్_బాబు:
మీ ఇష్టం. నేనైతే ఒప్పుకోను. ప్యాచ్‌లు తయారు చేసుకోవడం, తీగలు మూసి వాయించడం, లెవెళ్లు సరిచూసుకోవడం, ఇదంతా పనే. ఆ పని మీ లీడ్ గిటారిస్ట్ ప్యాడ్స్ కోసం చేస్తే ఐదో వాటా మీ నలుగురిదే కావాలి, కమిటీది కాదు, ఇంకొకరిదీ కాదు.

జేపీనగర్_జిత్తు:
దీనికి నేనూ ఓటేస్తా.

ఐదుతీగలు:
చేస్తే మాదే అయ్యేది బాబు గారూ. కానీ ఆ అబ్బాయికి ప్యాడ్ పట్టుకుని నిలబడటం ఇష్టం లేదు, గిటార్ వాయించాలని ఉంది. డ్రమ్మర్ కూడా మొదటినుంచీ చెప్పింది ఇదే. రమణ గారూ, ఉగాది సాయంత్రం మీకు ఖాళీ ఉందా? ఉంటే పాటల లిస్టు, శ్రుతులు పంపుతాను.

కీస్_రమణ:
ఖాళీ ఉంది. పాటల లిస్టుతో పాటు నా వాటా ఎంతో కూడా రాసి పంపండి. స్టేజి దిగాక చూసుకుందాం అంటే రాను.