ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మళ్లీ సీటీ స్కాన్ ఎందుకు?

నాన్నకి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్. ఒళ్లంతా ఎక్స్‌రేలు తీసి ఎముకలు బాగున్నాయన్నారు. కానీ మంచం మీద పక్కకి ఒత్తిగిలాలంటే నడుం పట్టుకుని మూలుగుతున్నారు. ఇప్పుడు సీటీ అంటున్నారు. అవసరమా?

జవాబు 1: అవసరమేనండీ. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతే గానీ ఎక్స్‌రేలో కనపడదు. తక్కువ రేడియేషన్‌తో ఒళ్లంతా తీసే సీటీలో 5 మిల్లీమీటర్ల గుంత కూడా తెలుస్తుంది. బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు, కిడ్నీలకి అదో ఊరట.

జవాబు 2: మా అమ్మకి సీటీలోనూ జబ్బు దొరకలేదు, ఎమ్మారైలో వెన్నుపూస మజ్జలో బయటపడింది. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో, రేపటిదాకా ఆగకండి.

జవాబు 3: మందు పనిచేస్తోందా అన్నది పెట్ సీటీ (చురుగ్గా ఉన్న క్యాన్సర్ వెలుగుగా కనపడే స్కాన్) బాగా చెబుతుంది. పాత గుంత పూడకపోయినా, అందులో వెలుగు తగ్గుతుంది.

అడిగినవారు: సీటీ అయింది. నడుం పూసలో రెండు గుంతలు. నాన్న మూలుగు ఉత్తిది కాదు.