మహిళా నేతల వార్తల్లో వివక్ష నిజమేనా, మనమే ఎక్కువ ఊహించుకుంటున్నామా?

నిశాచరి:
2017 మార్చిలో బ్రిటన్ ప్రధాని థెరిసా మే, స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ గ్లాస్గోలో సమావేశమయ్యారు. ఒకవైపు బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటకు రావడం), మరోవైపు స్కాట్లాండ్‌లో స్వాతంత్ర్యంపై మళ్లీ రెఫరెండం పెట్టాలన్న డిమాండ్. మర్నాడు డైలీ మెయిల్ మొదటి పేజీలో ఇద్దరూ కూర్చున్న ఫొటో వేసి, బ్రెగ్జిట్ సంగతి సరే, ఎవరి కాళ్లు బాగున్నాయన్నట్టు హెడ్డింగ్ పెట్టింది. ఇది వివక్ష కాకపోతే ఇంకేమిటి?

వాదన్న:
ఒక్క పేపర్ని చూపించి మీడియా మొత్తాన్ని అంటే ఎలా అండీ? 2014లో ఒబామా లేత గోధుమరంగు సూటు వేసుకుంటే ఎంత గోల చేశారో గుర్తుందా? బోరిస్ జాన్సన్ జుట్టు మీద జోకులకు లెక్కే లేదు. 2010, 2014 అమెరికా ప్రతినిధుల సభ ఎన్నికలప్పుడు వచ్చిన లోకల్ పేపర్ల వార్తలను డానీ హేస్, జెన్నిఫర్ లాలెస్ అనే రాజనీతి శాస్త్ర పరిశోధకులు పరిశీలించారు. ఆడ, మగ అభ్యర్థుల కవరేజీలో వాళ్లకు చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు.

డెస్క్‌జీవి:
ఆ లెక్కను నేను కాదనను. కానీ వాళ్లు చూసింది అచ్చయిన వార్తలు. మైకు ముందు అడిగే ప్రశ్నలు అందులోకి రావు. జసిండా ఆర్డెర్న్ 2017 ఆగస్టు 1న న్యూజిలాండ్ లేబర్ పార్టీ నాయకురాలైంది. ఆ రోజే టీవీలో పిల్లలా, కెరీరా అని అడిగారు. మర్నాడు ఇంకో షోలో, ఉద్యోగమిచ్చేవాళ్లకు ఆ సంగతి తెలుసుకునే హక్కుందన్నారు. 2022లో ఫిన్లాండ్ ప్రధాని సనా మారిన్ ఆక్లాండ్ వచ్చి, అప్పటికి న్యూజిలాండ్ ప్రధానిగా ఉన్న ఆర్డెర్న్‌ను కలిసినప్పుడు, మీది ఒకే ఈడు కాబట్టి కలిశారా అని ఒక విలేకరి అడిగాడు. ఒబామా, న్యూజిలాండ్ మాజీ ప్రధాని జాన్ కీలను ఎవరైనా ఇలా అడిగారా అని ఆర్డెర్న్ తిరిగి అడిగింది. వాళ్లిద్దరూ 1961 ఆగస్టులోనే పుట్టారు మరి!

డెస్కులో నాకు రోజూ కనిపించేది ఇంకొకటి. మగ నేత ఫొటో అంటే చెయ్యెత్తి మాట్లాడుతున్నది తీస్తారు. ఆమెదైతే జుట్టు సర్దుకుంటున్నది. ఎవరూ కావాలని చేయరు, చెయ్యి దానంతటదే అటు పోతుంది. అందుకే హెడ్డింగులో ఆమె పేరు తీసి మగ నేత పేరు పెట్టి ఒకసారి చదువుకుంటాను. నవ్వొచ్చిందంటే మార్చేస్తాను.

వాదన్న:
ఆ నేతలే ఇంట్లో ఫొటోలకు పోజులిస్తారుగా? తర్వాత మీడియాను తిడితే ఏం లాభం?

నిశాచరి:
పోజిస్తే ఏమైందో, తర్వాత ఆస్ట్రేలియా ప్రధాని అయిన జూలియా గిలార్డ్‌ని చూడండి. 2005లో ఆమె వంటగదిలో తీసిన ఫొటోలో పళ్ల గిన్నె ఖాళీగా ఉంది. పిల్లల్లేని ఆడమనిషి ఇల్లు ఇలాగే ఉంటుందన్న ధోరణిలో వ్యాఖ్యానాలు వచ్చాయి. ఏ మగ నేత ఫ్రిజ్ తెరిచి చూశారు?

వాదన్న:
మీరు చెప్పేవన్నీ ప్రధానుల స్థాయి కథలు. ప్రతినిధుల సభ అభ్యర్థుల గురించి నేనిచ్చిన లెక్కకు జవాబు రాలేదు.

డెస్క్‌జీవి:
ఆ స్థాయిలో తేడా లేదంటే సంతోషమే, ఒప్పుకుంటున్నా. మరి అదే మనిషి ప్రధాని కుర్చీ దాకా వచ్చేసరికి ప్రశ్నలు పిల్లల మీదికి ఎందుకు మళ్లుతున్నాయి? దానికి మీ జవాబేమిటి?