జూన్ చర్చ – ఎవరు ఏ పని?

కార్యక్రమం నిర్వహించేవారు: అందరికీ నమస్కారం. జూన్ 26 చిత్రహింస బాధితుల కోసం ఐక్యరాజ్యసమితి పాటించే రోజు. ఆ వారం శనివారమే మన చర్చ. ఖైదీల్ని చిత్రహింస పెట్టడానికి చట్టం అడ్డురాదని మెమోలు రాసిచ్చిన అమెరికా న్యాయశాఖ లాయర్ల సంగతేంటి అన్నదే విషయం. లైబ్రరీ హాలు 2 నుంచి 5 దాకా మనది. పులిహోర రెండు ట్రేలు చాలు, పోయినసారి సగం మిగిలింది.

బాబాయ్ గారు: మనకెందుకమ్మా ఈ గొడవ? సగం మందికి ఇంకా గ్రీన్ కార్డే రాలేదు.

కార్యక్రమం నిర్వహించేవారు: ఎవరికీ ఓటెయ్యమని చెప్పం బాబాయ్ గారూ. ఫోటోలు తీయం, పేర్లు రాయించుకోం. మనం చదివే మెమోలన్నీ అమెరికా ప్రభుత్వమే బయటపెట్టిన కాగితాలు. వాటిని రాసిన న్యాయశాఖ లాయరు జాన్ యూ పాఠాలు చెప్పింది మన పక్కనున్న బర్క్లీ యూనివర్సిటీలోనే.

చర్చ నడిపే అక్క: ముందు 2002 ఆగస్టు 1 మెమో చదువుదాం. అవయవం పాడయ్యేటప్పుడో, ప్రాణం పోయేటప్పుడో కలిగేంత నొప్పి అయితేనే చిత్రహింసట! సంతకం న్యాయశాఖలో యూ పై అధికారి జే బైబీది. మరుసటేడే ఆయన ఫెడరల్ జడ్జి అయ్యారు. అదే రోజు ఇంకో మెమో ఉంది. అల్ ఖైదా మనిషని పట్టుకున్న అబూ జుబైదాకి పురుగులంటే భయం, పెట్టెలో కూర్చోబెట్టి పురుగుని వదలొచ్చా అని గూఢచార సంస్థ సీఐఏ అడిగింది. కుట్టే పురుగని నమ్మించకపోతే చాలు, వదలొచ్చు అన్నారు. పురుగుని వాడలేదంటారు. ముఖాన గుడ్డ కప్పి ఊపిరాడకుండా నీళ్లు పోయడం (వాటర్‌బోర్డింగ్) మాత్రం ఆ ఒక్క నెలలోనే కనీసం 83 సార్లు జరిగింది.

కాలేజీ కుర్రాడు: అక్కా, బకెట్, తువ్వాలు తెచ్చి చూపిస్తే?

అక్క: వద్దు నాన్నా. ఊరికే కూడా వద్దు.

సివిల్ ఇంజినీర్ అన్న: నేను రెండు ముక్కలు మాట్లాడతాను. డ్రాయింగ్ మీద నా సీలు పడ్డాక పైకప్పు కూలితే, సలహా మాత్రమే ఇచ్చానంటే లైసెన్సు బోర్డు ఊరుకోదు. యూ, బైబీల విషయంలో న్యాయశాఖ సొంత విచారణ విభాగమే వృత్తి ధర్మం తప్పారని తేల్చింది. 2010లో పై అధికారి దాన్ని 'విచక్షణ లోపం' అని తగ్గించేసి, లాయర్ల మీద చర్య తీసుకునే బార్ సంఘం దాకా వెళ్లకుండా ఆపేశారు.

అక్క: అన్నయ్యా, అవతలి వాదన కూడా మీరే చెప్పండి. తప్పు సలహాకి శిక్షిస్తే రేపు ప్రభుత్వానికి ఏ లాయరూ ధైర్యంగా సలహా ఇవ్వడు అంటారు. ఉగ్రవాదని సైన్యం నిర్బంధించిన పడిల్లా అనే ఆయన యూ మీద వేసిన దావాని 2012లో కొట్టేస్తూ అప్పీల్ కోర్టు, మెమోలు రాసేనాటికి చట్టం అంత స్పష్టంగా లేదంది. అంత అస్పష్టమైతే అంత ధీమాగా ఎలా రాసిచ్చారు? నాకు తెగని ముడి అదే. 1947లో నూరెంబర్గ్‌లో నాజీ న్యాయశాఖ అధికారుల్ని శిక్షించింది అమెరికా జడ్జీలే కదా.

బాబాయ్ గారు: మన దేశం సంగతో? అడుగుతారు.

అక్క: చిత్రహింసకి వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం పెట్టింది, ధ్రువీకరించలేదు. అది మీరే చెప్పండి బాబాయ్ గారూ.

బాబాయ్ గారు: సరే. అయిదు నిమిషాలే. ప్రొజెక్టర్ కేబుల్ నా దగ్గర ఉంది, తెస్తాను.