ట్యూబ్‌లైటులోని వాయువుకు విద్యుదావేశం ఎలా వస్తుంది?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి):
ఆర్గాన్ పరమాణువు నుండి ఒక ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి 15.76 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలని చదివాను. గది ఉష్ణోగ్రత వద్ద పరమాణువుల సగటు గతిశక్తి 0.04 ఎలక్ట్రాన్ వోల్టు దరిదాపుల్లోనే ఉంటుంది. అటువంటప్పుడు స్విచ్ వేసిన రెండు మూడు సెకన్లకే పాత రకం ట్యూబ్‌లైటులోని ఆర్గాన్ వాయువు ఎలా అయనీకరణం చెందుతోంది (ఎలక్ట్రాన్లు ఊడి అయాన్లుగా మారుతోంది)? ఆవేశం వచ్చాక ట్యూబును ముట్టుకుంటే షాక్ ఎందుకు కొట్టదు?

జవాబు 1 (భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
ఆ శక్తి వాయువు వేడి నుండి కాదు, విద్యుత్ క్షేత్రం నుండి వస్తుంది. ట్యూబు రెండు చివరలా ఉన్న ఫిలమెంట్లు వేడెక్కి ఎలక్ట్రాన్లను వెలువరిస్తాయి. స్టార్టర్ (ఫిలమెంట్లకు కాసేపు కరెంటు పంపి ఆపే చిన్న స్విచ్) తెరుచుకున్న క్షణంలో చోక్ (ట్యూబుతో వరుసగా కలిపిన తీగచుట్ట) కొన్ని వందల వోల్టుల తాకిడినిస్తుంది. ట్యూబులో పీడనం చాలా తక్కువ కనుక ఎలక్ట్రాన్ ఒక ఢీకి, మరొక ఢీకి మధ్య ఎక్కువ దూరం పరుగెత్తి శక్తిని కూడబెట్టుకుంటుంది. చాలినంత శక్తి చేరాక పరమాణువును ఢీకొంటే మరొక ఎలక్ట్రాన్ ఊడి వస్తుంది, ఆ రెండూ కలిసి మరి రెండింటిని ఊడగొడతాయి. మామూలు పీడనంలో ఉన్న గాలిలో ఇదే జరగాలంటే సెంటీమీటరుకు దాదాపు 30 వేల వోల్టులు కావాలి. ఇక షాక్ సంగతి: గాజు విద్యుత్ బంధకం. పైగా ఒక్కొక్క ధన అయానుకు జతగా ఒక ఎలక్ట్రాన్ లోపలే ఉంటుంది కాబట్టి, మొత్తం మీద వాయువు తటస్థంగానే ఉంటుంది.

జవాబు 2 (లైటింగ్ రంగంలో పనిచేస్తున్నాను):
ట్యూబులో ఆర్గాన్‌తో పాటు కొద్దిగా ఉండే పాదరసం ప్రస్తావన పై వివరణలో లేదు. నా దృష్టిలో అసలు కిటుకు అదే. ఆర్గాన్‌ను పూర్తిగా అయనీకరించనవసరం లేదు. సుమారు 11.5 ఎలక్ట్రాన్ వోల్టులతో ఉత్తేజితమైన ఆర్గాన్ పరమాణువు కొంతసేపు ఆ స్థితిలోనే నిలిచి, పాదరస పరమాణువును ఢీకొన్నప్పుడు తన శక్తిని దానికి ఇచ్చివేస్తుంది. పాదరసానికి 10.44 చాలు గనుక దాని ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. దీనిని పెన్నింగ్ ప్రభావం అంటారు. వెలిగిన తరువాత అయాన్లు పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతూ పోతుంది, కరెంటు అదుపు తప్పకుండా ఆపేది మళ్ళీ ఆ చోకే.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. అయితే స్టార్టర్ లోపల కూడా వాయువే ఉంది, అక్కడ వేడి ఫిలమెంటు లేదు కదా? మొదటి ఎలక్ట్రాన్ ఎక్కడిది?

జవాబు 3 (భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
మంచి ప్రశ్న. నేలలోని రేడియోధార్మిక పదార్థాలు, అంతరిక్షం నుండి వచ్చే కాస్మిక్ కిరణాలు ఎల్లవేళలా ఏ వాయువులోనైనా కొద్దిపాటి అయాన్లను పుట్టిస్తూనే ఉంటాయి. 1912లో విక్టర్ హెస్ అనే భౌతికశాస్త్రవేత్త బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి వెళ్ళేకొద్దీ గాలి అయనీకరణం పెరుగుతోందని కొలిచి చూపారు. అలా దొరికిన ఒక్క ఎలక్ట్రాన్‌తో స్టార్టర్ బల్బులో మసక వెలుగు మొదలవుతుంది. ఆ వేడికి లోపలి ద్విలోహ పట్టీ వంగి వలయాన్ని కలుపుతుంది. చీకట్లో ఆ ఎలక్ట్రాన్ కోసం ఎదురుచూపు ఎక్కువ కాకూడదని కొన్ని స్టార్టర్లలో అత్యల్ప పరిమాణంలో రేడియోధార్మిక క్రిప్టాన్-85 కూడా నింపేవారు.