‘యువాన్ హెంగ్ లీ జెన్’: నాలుగు మాటలా, రెండు వాక్యాలా?

— చైనావాళ్ల ప్రాచీన శకునాల పుస్తకం యీ జింగ్‌లో ఆరేసి గీతల గుర్తులుంటాయి కదా, వాటిలో మొదటిది ఛియెన్, ఆరూ తెగని గీతలే. దాని కింద ఉన్నవి నాలుగే మాటలు: యువాన్, హెంగ్, లీ, జెన్. నేను చూసిన అనువాదంలో ‘మూలం, సఫలత, మేలు, స్థిరత్వం’ అని ఉంది. తెలుగులో ఇలాగే రాయొచ్చా అండీ?

— రాయొచ్చు, కానీ అది వెన్‌యెన్ అనే వ్యాఖ్య చెప్పిన అర్థం. ఆ వ్యాఖ్యను కన్ఫ్యూషియస్‌దిగా చెప్పుకుంటూ వచ్చారు. మూలానికి మాత్రం ఆ అర్థం సరిపోదని నా గట్టి అభిప్రాయం. వెంటనే వచ్చే రెండో గుర్తు ఖున్ చూడండి. అక్కడా ఇవే మాటలు, కాకపోతే లీకి, జెన్‌కి మధ్య ‘ఆడగుర్రం’ వచ్చి కూర్చుంది: ‘లీ, ఆడగుర్రపు జెన్’. నాలుగూ విడివిడి సద్గుణాలైతే మధ్యలోకి ఆడగుర్రం ఎలా వస్తుంది? అంటే ‘లీ జెన్’ కలిపి చదవాల్సిన మాట. యువాన్ హెంగ్ ఒక జత, లీ జెన్ ఒక జత.

ఇక జెన్. 1899 నుంచి వెలుగులోకి వచ్చిన ప్రాచీన చైనా షాంగ్ రాజుల శకునపు ఎముకల మీద ఈ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఫలానా రోజు, ఫలానా శకునగాడు ‘జెన్’ అని రాసి, ఆ తర్వాత అడిగిన సంగతి రాస్తారు: వాన పడుతుందా, పంట పండుతుందా అని. అక్కడ జెన్ అంటే స్థిరత్వం కాదు, దైవాన్ని అడగడం. క్రీ.శ. 100 నాటి షువొవెన్ నిఘంటువు కూడా జెన్‌కి ‘శకునం అడగడం’ అనే అర్థం ఇచ్చింది.

దీనికి మన దగ్గర చక్కటి మాట ఉంది: ప్రశ్న. జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్లి ‘ప్రశ్న చెప్పించుకున్నాం’ అంటామే, ఆ ప్రశ్న. అడగడం, దానికోసం చేసే తంతు రెండూ అందులోనే ఉన్నాయి. హెంగ్ అక్షరం పూర్వం నైవేద్యం అనే అర్థమున్న అక్షరంతో ఒకటే. కాబట్టి యువాన్‌ని ‘పెద్ద’ అని, లీని ‘అనుకూలం’ అని తీసుకుని నేనైతే ‘పెద్ద నైవేద్యం. ప్రశ్నకు అనుకూలం’ అని రాస్తాను.

— అయితే సద్గుణాల అర్థం ఎవరో తర్వాత కల్పించిందేనా?

— కల్పన అని కొట్టిపారేయలేమండీ. జువో జువాన్ చరిత్రలో ము జ్యాంగ్ కథ ఉంది. లూ రాజ్యపు రాజమాత ఆవిడ. కుట్ర చేసిందని తూర్పు భవనంలో ఉంచారు. అక్కడికి వెళ్తూ ప్రశ్న అడిగిస్తే స్వేయ్ అనే పదిహేడో గుర్తు వచ్చింది. దాని కిందా ఈ నాలుగు మాటలే. ‘స్వేయ్ అంటే బయటపడటం, త్వరగా వచ్చేస్తారు’ అన్నాడు శకునగాడు. ఆవిడ ఒప్పుకోలేదు. నాలుగు మాటలకూ ఒక్కో గుణం చెప్పి, ఇవేవీ నాలో లేవు, నేను ఇక్కడే చచ్చిపోతాను అంది. క్రీ.పూ. 564లో అక్కడే పోయింది. అప్పటికి కన్ఫ్యూషియస్ పుట్టనే లేదు.

అందుకే అనువదించేటప్పుడు గుర్తు కింద ‘ప్రశ్న’ అనే రాసి, వెన్‌యెన్ దగ్గరికి వచ్చాక సద్గుణాలు రాయాలి. పన్నెండో శతాబ్దపు పండితుడు జూ షీ కూడా ఇది శకునాల పుస్తకమే అని, ఈ నాలుగు మాటలను రెండు జతలుగానే విడదీశాడు. కాకపోతే ఆయన జెన్‌కి ‘సరైనదాన్ని గట్టిగా పట్టుకోవడం’ అనే అర్థమే ఉంచాడు. ఆ ఎముకలు ఆయన చూడలేదు కదా.