వద్దన్న తరువాత కూడా వెంటపడేవారి మనసులో ఏం జరుగుతుంది?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక అక్క):
మా చెల్లెలు నిరుడు ఒక అబ్బాయితో సంబంధం తెంచుకుంది. అతడు ఇప్పటికీ కొత్త కొత్త నంబర్ల నుంచి ఫోన్ చేస్తున్నాడు, ఆమె బస్సు దిగే చోట నిలబడుతున్నాడు. "ఒక్కసారి మాట్లాడితే వెళ్ళిపోతాను" అంటున్నాడు. మాట్లాడించమంటారా?

జవాబు (మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు):
దయచేసి వద్దండీ. ముప్ఫై ఫోన్లకు బదులివ్వకుండా, ముప్ఫై ఒకటోసారి విసిగిపోయి "ఇక ఆపు" అని అరిచినా, అన్నిసార్లు చేస్తే ఆమె గొంతు వినిపిస్తుందనే అతడు నేర్చుకుంటాడు. అప్పుడప్పుడూ మాత్రమే దొరికే ప్రతిఫలం అలవాటును మరింత మొండిగా మారుస్తుందని అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాలు ఏనాడో చూపాయి. ఆస్ట్రేలియాలో మానసిక వైద్యుడు పాల్ ముల్లెన్ బృందం 1999లో వెంటపడేవారిని ఐదు రకాలుగా విభజించింది. వారిలో తిరస్కారానికి గురైనవారు ఎక్కువగా మాజీ భాగస్వాములే, వారిలో తిరిగి కలవాలన్న కోరికా పగా కలగలిసి ఉంటాయి. ఆమె దక్కితేనే తనకు విలువ అని నమ్మినవాడు ఆ తలపునే రాత్రింబవళ్ళు తిరగేస్తూ ఉంటాడు. దీన్ని గాఢమైన ప్రేమ అని పొగిడే పెద్దల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

జవాబు (న్యాయవాది):
ఆసక్తి లేదని స్త్రీ స్పష్టం చేశాక పదే పదే వెంబడించడం, సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి 3 ఏళ్ళ వరకు, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. సందేశాలను తేదీలతో సహా భద్రపరచండి. ప్రమాదం అనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
భయపడి అన్నీ చెరిపేసిందండీ.

న్యాయవాది:
ఫర్వాలేదు, ఫిర్యాదు ఇవ్వండి. కాల్ వివరాలను పోలీసులు టెలికాం సంస్థ నుంచి తెప్పించుకోగలరు.